వేపచెట్టును బోడి చేసిన బొచ్చుపురుగు

మైదుకూరు దాటినాక మా ఊరు. నాపరాయి మీద కోడి గుడ్డు పెడితే ఎండకు అది అట్టై లేచిందని చెప్పినవాణ్ణి నేనే. అందుకే ఆ ఏడు తొలివాన పడ్డాక పక్క చేని అత్త గట్టు మీది వేపచెట్టు నాలుగు రోజుల్లో బోడి అయిపోతే, నా పని కాదన్నా నా మాట ఎవరూ నమ్మలేదు.

"నీ మ్యాకలకు రెమ్మలు కొట్టినావు. ఇంగ నా బీట్లో అవి కాలు పెట్టేది లేదు" అనేసింది అత్త.

ఆ బీడు తప్ప నా మేకలకు వేరే మేత లేదు. చెట్టెక్కి చూశాను. కొమ్మ ఒక్కటీ విరగలేదు. ఆకులకు మాత్రం ఈనెలే మిగిలాయి. మేకైతే రెమ్మతో సహా లాగుతుంది కదా! చెట్టు మొదట్లో మట్టి గుల్లగా ఉందని జానెడు తవ్వితే ఎర్రమట్టి రంగు పెంకుపురుగు ఒకటి దొరికింది. వెల్లకిలా తిప్పాను. పేడకుప్పలో తిరిగే పురుగుకు అడుగు నున్నగా ఉంటుంది, దీనికేమో రొమ్మంతా బొచ్చు.

తీసుకుపోయి అత్తకు చూపించాను.

"ఇంత పురుగు అంత చెట్టు తినిందా? కోడి అట్టు పెట్టిందన్నది నువ్వే కదప్పా!"

"పొద్దుగూకినాక ఒక్కసారి రా అత్తా. అబద్ధమైతే మ్యాకల్ని అమ్మేస్తా."

వచ్చింది. చీకటి పడుతుండగా చెట్టు కింద నేల అక్కడక్కడా పొక్కి పగిలింది. పురుగులు ఒకటొకటే పైకొచ్చి, బుర్రుమని లేచి, మిగిలిన చిగుళ్ల మీద వాలాయి. కొన్ని జతకట్టి వేలాడుతూనే ఆకు నములుతున్నాయి. కింద పాత దుప్పటి పరిచి, గడకర్రతో కొమ్మ ఊపితే టపటపా రాలాయి. అత్త ఒకదాన్ని గోటితో తిప్పింది.

"ఓయమ్మా! నీకంటే దీనికే శానా బొచ్చు ఉండాదే! యాలప్పా?"

ఎందుకో నాకూ తెలియదు. చలికని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

"పగలు యాడుంటాయి?"

"మట్టిలోనే. గుడ్లు కూడా ఆడే పెడ్తాయి. మన శెనక్కాయ బుడ్డల వేర్లు కొరికే తెల్లపురుగు వీటి బిడ్డే."

అత్త దుప్పటి నాలుగు కొసలూ పట్టి, అన్నింటినీ కిరసనాయిలు కలిపిన నీళ్ల బకెట్లో గుమ్మరించింది.

మర్నాడు పాలకేంద్రం దగ్గర అత్త చుట్టూ జనం. "ఒక్కోటి పిచ్చికంత! రొమ్ము మీద ఎలుగ్గొడ్డు బొచ్చు!"

"అంత లేవులే అత్తా, చింతపిక్కంతే" అన్నాను.

"నువ్వుండప్పా, నీ కతలు మాకు తెలీవా?" అని అందరూ నా మీదే పడ్డారు. పడితే పడనీ. అప్పటికే నా మేకలు అత్త బీట్లో మేస్తున్నాయి.