రెండు నీలం చేపల పంచాయితీ

"ఇల్లు మారితే నాదన్న సోయి పోతది తమ్మీ." బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో మా పక్కింటి అక్క తరచూ అనే మాట ఇది. ఆమె అన్నది మనుషుల గురించి కాదు. వాళ్లాయన బొంబాయి నుంచి సముద్రపు నీళ్లతో సహా రెండు చిన్న నీలం చేపలను రైల్లో తెచ్చి, అద్దాల తొట్టిలో వేశాడు. పెద్దది రాళ్లన్నీ తనవేనన్నట్టు చిన్నదాన్ని తరిమి కొరికేది. అప్పుడల్లా అక్క రాళ్ల చోటు మార్చేది. పూట గడవకముందే పెద్దది మళ్లీ కాపలా కాసేది.

ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి, నాకిది తేలిక అనిపించింది. రెండూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా తొట్టి నడుమ కిటికీ అద్దం ముక్క నిలబెట్టమన్నాను. పెద్దది అందులో తన నీడనే చూసి, మూతి చిట్లేదాకా పొడిచింది.

"మంచిగ జెప్పినవ్ లెక్కలాయనా! ఒక్క కొట్లాటను రెండు జేస్తివి," అంటూ అక్క అద్దం తీసేసింది.

"పెద్దదాన్ని బకెట్ల వెయ్యరాదు?"

"నల్లా నీళ్లల్ల బతుకుతదా? తొట్టి నీళ్లు పంచితే రెంటికీ సాలవు, సముద్రం ఏడుంది గీడ? తీస్తే ఇది సస్తది, తియ్యకుంటే అది సస్తది."

ఒకనాడు పొద్దున నేను వెళ్లేసరికి చిన్నదాని తోక సగం లేదు. అది పక్కకు ఒరిగి ఊపిరి తీస్తోంది. అక్క నీళ్లలోనే దాని చుట్టూ దోసిలి పట్టి నిలబడింది. పెద్దది ఆమె వేళ్లను పొడుస్తోంది.

"చేతులు తియ్యి అక్కా."

"తీస్తే?"

వంటింట్లో అన్నం మాడుతున్న వాసన వచ్చింది. వెళ్లి గిన్నె దించాను. నాకు చేతనైంది అదొక్కటే.