ఒకటిన్నర ఎం.ఎం. డ్రైవర్

మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి కొందరు చెప్పులు చూస్తారు, కొందరు చేతిగడియారం చూస్తారు. నేను వాడి దగ్గరున్న ఎలెన్ కీ, అంటే ఆరు మూలల గుంత ఉన్న స్క్రూలు విప్పే కడ్డీ, దాని కొన చూస్తాను. ఆరు మూలలూ పదునుగా ఉంటే ఆ మనిషితో రెండు మాటలు మాట్లాడొచ్చు. మూలలన్నీ అరిగి, కొన సబ్బుముక్కలా గుండ్రబడిపోయినా ఇంకా దాన్నే పట్టుకుని తిరుగుతున్నాడంటే, అలాంటివాడికి స్క్రూలే కాదు, ఏదీ అప్పగించకూడదు. తొంభైల్లో యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకీ జ్ఞానం అబ్బింది. ప్రసాదించిన మహానుభావుడు మా కెప్టెన్.

కెప్టెన్ అంటే ఏ క్రికెట్ టీముకో అనుకునేరు. నాకంటే ఒక ఏడాది సీనియర్, అంబర్‌పేట నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. దుబాయ్‌లో ఉండే వాళ్ళ బావ జపాన్‌వాళ్ళ రిమోట్ కారు కిట్టు ఒకటి తెచ్చిచ్చాడు. చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మ కాదది. ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి, మోటారూ గేర్లూ స్ప్రింగులూ పెద్ద బండికి ఉన్నట్టే ఉంటాయి. ఆ ఒక్క కారును చూసుకుని ఆయన కాలేజీలో క్లబ్బు పెట్టి, తనను తానే కెప్టెన్‌గా ఎన్నుకున్నాడు. వర్క్‌షాపు వెనక పాత సామాన్ల గది మా అడ్డా. కొందరు అబ్బాయిలు, నేను. మెకానికల్‌లో మా బ్యాచికి నేనొక్కదాన్నే ఆడపిల్లని. క్లబ్బులో నాకిచ్చిన ఉద్యోగం, విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా డబ్బా మూతలో పట్టుకుని నిలబడటం.

నాకు కావలసింది ఒక్కటే. రిమోట్ నా చేతికి రావాలి, బండి నేను నడపాలి. ఆ ఆశ ఎంతగా ఉండేదంటే, క్లాసులో డెస్కు కింద రెండు బొటనవేళ్ళతో లేని రిమోట్‌ను తిప్పుతూ కూర్చునేదాన్ని. అడిగినప్పుడల్లా కెప్టెన్ "సూద్దాంలే" అనేవాడు. ఆయన్ని నేను అన్నా అని పిలవాల్సి వచ్చేది. కాలేజీ మర్యాద అలాంటిది.

ఆ బండి స్క్రూలన్నిటికీ ఆరు మూలల గుంతలు. వాటిని విప్పడానికి కెప్టెన్ దగ్గరొక సెట్టు ఉండేది, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నది. ఎర్ర రెగ్జిన్ సంచీ, లోపల వరసగా అరలు, అర అరకీ తళతళలాడే కీ. అంగుళాల కొలతవీ మిల్లీమీటర్లవీ అన్నీ కలగాపులగం. ఏది ఏ సైజో కెప్టెన్‌కే తెలియదు. "దూరిందంటే గదే సైజు" అని సూత్రం చెప్పేవాడు. దూరిందల్లా సైజైతే నా కాలు మా నాన్న బూటులోనూ దూరుతుంది, దాంతో పరుగుపందెంలో మాత్రం నిలబడలేను. ఇక ఆ కీల ఇనుము సంగతి చెప్పాలంటే బెల్లం నయం. బెల్లం కనీసం నోటికి తియ్యగా ఉంటుంది.

చూసి చూసి ఒళ్ళు మండి ఒకరోజు తార్నాకలో బస్సెక్కి, పనిముట్ల దుకాణాలుండే రాణిగంజ్ వెళ్ళాను. బండి స్క్రూ ఒకటి రుమాలు కొనకు ముడివేసుకుని పట్టుకెళ్ళాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్ల వాడకానికైతే గీ సెట్టు తీస్కపోమ్మా, మస్తు పోతున్నది" అంటూ ఎర్ర రెగ్జిన్ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. అదే సంచీ! ఊరంతా దాన్నే కొంటున్నదన్నమాట. నాకు వంకర కీలు వద్దు, పిడి ఉన్న నిటారు డ్రైవర్లు చూపించమన్నాను. రంగురంగుల పిడులవి తెచ్చాడు. పిడి రంగు చూసి పనిముట్టు కొనేవాళ్ళు గాజుల దుకాణానికి వెళ్ళడం మంచిది. నేను కొనలే చూశాను. కొన చదునుగా తెగి ఉండాలి, మూలలు వేలికి గీసుకోవాలి. స్క్రూ గుంతలో అడుగుదాకా దిగాలి, దిగాక అటూ ఇటూ ఊగకూడదు, అడ్డంగా పట్టుకుంటే స్క్రూ కిందపడకూడదు. చివరికి ఆకురాయితో ఒక కొన మీద మెల్లగా గీసి చూస్తానన్నాను. షాపాయన మొహం మాడిపోయింది. "కొంటవా, గీకుతవా?" అన్నాడు. గీకే కొన్నాను. ఆకురాయి ఆ ఇనుము మీద పట్టు దొరక్క జారిపోయింది, అంటే గట్టి ఇనుమే. ఒకటిన్నర ఎం.ఎం.ది ఒకటి, రెండు ఎం.ఎం.ది ఒకటి, అంతే. బండికి వాటితో తప్ప పనిలేదు.

మర్నాడు అవి చూసి కెప్టెన్ పగలబడి నవ్వాడు. "గీ రెండు పుల్లలకా బస్సుల పోయొచ్చినవ్? నా దగ్గర సూడు, సంచి నిండ ఉన్నయ్!" సీతాఫల్‌మండి నుంచి వచ్చేవాడొకడు అందరికంటే గట్టిగా నవ్వాడు. రోజూ వాణ్ణి స్కూటర్ మీద ఇంటిదాకా దింపేది కెప్టెనే మరి.

దసరా సెలవులకు ముందు వర్క్‌షాపులో ఆయుధ పూజ చేశారు. పూజ అంటే నాకేమీ వెటకారం లేదు. తార్నాకలో మేముండే అద్దె పోర్షన్‌లో అమ్మ కూడా తన కుట్టుమిషన్‌కి చక్కగా పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలదండ వేసేది. నూనె చుక్క వేసే రంధ్రాలు మాత్రం వదిలేసి పెట్టేది. మా కెప్టెన్ భక్తికి అలాంటి పట్టింపులు లేవు. గిన్నెడు చందనం కలిపి, కారు మీద ఎక్కడెక్కడ స్క్రూ కనపడితే అక్కడక్కడ సరిగ్గా గుంత మధ్యలో వేలితో అదిమి అదిమి పెట్టాడు, దాని మీద కుంకుమ. మోటారు కొనన ఉండే బుల్లి పళ్ళచక్రాన్ని, పినియన్ అంటాం, దాన్ని పట్టి ఉంచే తల లేని గ్రబ్ స్క్రూను కూడా వదల్లేదు. వర్క్‌షాపు గోడకు ఆనించి ఉన్న చీపురే ఇంకా నయం, ఒక్క బొట్టుతో బయటపడింది.

"అన్నా, గుంతలల్ల పెట్టకు. ఎండితే కీ దిగది" అన్నాను.

"దేవుని బొట్టుకు గూడ వంకలు పెడ్తవా? కళ్ళు పోతయ్" అన్నాడు.

సెలవులయ్యేసరికి చందనం ఎండి రాయైంది. అదే వారం కాలేజీ వెనక మొరం గ్రౌండులో రేసు. వేరే కాలేజీలవాళ్ళు కూడా బండ్లు తెస్తున్నారు. మా పాత మోటారు నీరసించిపోయింది. బావ కొత్తది పంపాడు గానీ పినియన్ పంపలేదు. పాత మోటారు నుంచి ఊడదీసి కొత్తదానికి బిగించాలి. కెప్టెన్ ఛాతీ విరుచుకుని అందరిముందూ ప్రకటించాడు. "పినియన్ మార్చి బండి ఎవలు నడిపిస్తరో, రేసుల గూడ వాళ్ళే నడుపుతరు." ఆ పని తనదేనని ఆయనకు అనుమానం లేదు.

ఎర్ర సంచీలోంచి కీ లాగాడు. ఎండిన చందనం మీదే కీ పెట్టాడు. గుంత తుడవాలన్న ఊహ ఆ బుర్రకు రాలేదు. కీ సగమే దిగింది. సగం దిగిన కీని, అదీ బెల్లం కీని, పళ్ళు బిగబట్టి తిప్పాడు. కిర్రుమంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ కిర్రుమంది. గుంత మూలలు పైపైన అరిగిపోయాయి. కీ మొత్తం అరిగిపోయింది. "స్క్రూనే డూప్లికేటుది. జపానోడు మోసం చేసిండు" అని తీర్పు చెప్పి రెండు మోటార్లూ, కిట్టులో మిగిలిన స్క్రూల పొట్లమూ నా ఒళ్ళోకి విసిరాడు. "తీస్కపో, నీ పుల్లలతోని సూడు." అందరూ నవ్వారు.

మధ్యాహ్నం ఇంటి వరండాలో కూర్చుని అమ్మ సూదితో ఆ గుంతలోని చందనాన్ని కొంచెం కొంచెం గీకాను. కిరోసిన్ చుక్క వేసి గుడ్డతో తుడిచాను. అడుగున మూలలు పదిలంగా ఉన్నాయి. కెప్టెన్ కీ అక్కడిదాకా దిగితేగా పాడు చెయ్యడానికి! టంకం వేసే కడ్డీ ఆనించి స్క్రూను వేడిచేశాను. నా డ్రైవర్ పెట్టి, పిడి మీద మెల్లగా ఒక దెబ్బ వేసి కిందిదాకా దింపి, నిటారుగా అదిమి తిప్పాను. టక్‌మని వదిలింది. ఆ చప్పుడుకు నేను వరండాలోంచి కేక పెట్టాను, అమ్మ మిషన్ ఆపి బయటికొచ్చింది. పొట్లంలోంచి కొత్త గ్రబ్ స్క్రూ తీసి వేసి పినియన్‌ను కొత్త మోటారుకు బిగించాను. మర్నాడు బండి గ్రౌండులో దుమ్ము రేపుకుంటూ ఉరికింది. నాకు అదే చాలు, రేసు నాదే.

రేసు రోజు పొద్దున కెప్టెన్ కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు. రిమోట్ మెడలో వేసుకున్నాడు. "నేను గద అన్నా నడపాల్సింది?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నడుపుదువులే తర్వాత. గీ రోజు వేరే కాలేజోళ్ళున్నరు గద, మంచిగుండది. నువ్వు టూల్స్ సూస్కో." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. అయినా డ్రైవర్లు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మొదటి రౌండులో బండి రెండో స్థానంలో వచ్చింది. నేను నీళ్ళు తాగడానికి వెళ్ళివచ్చేలోపు కెప్టెన్‌లోని ఇంజనీరు నిద్రలేచాడు. ఇంకా స్పీడు కావాలని పినియన్‌ను కాస్త జరిపి, తన సంచీలోంచి ఇంకో కీ తీసి తనే బిగించాడు. రెండో రౌండు మొదలైంది. బండి గ్రౌండు మధ్యదాకా పోయి ఆగింది. మోటారు మాత్రం గీపెడుతూనే ఉంది, చక్రాలు కదలవు. పినియన్ వదులైంది, ఇంకేముంటుంది?

బండి ఎత్తుకుని పరుగున వచ్చాడు. టోపీ వెనక్కి తిరిగిపోయింది. "తియ్యి, నీ డ్రైవర్ తియ్యి, జల్ది!" స్క్రూ చూశాను. పైన మూలలు గీసుకున్నాయి గానీ అడుగున పట్టు ఉంది. నా డ్రైవర్‌తో చిటికెలో పని. ఇంకా టైముంది, మిగతా బండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

"రిమోట్ ఇయ్యి. నేనే బిగిస్త, నేనే నడుపుత. నువ్వే అన్నవ్ గద" అన్నాను. అన్నా అనే మాట ఆ పూటతో సరి.

"ఫస్టు రిపేరు చెయ్యి."

"ఫస్టు రిమోట్."

వేరే కాలేజీలవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. బండి వైపు చూశాడు. గెలవాలని ఆయనకు నిజంగానే ఉంది, అది ఆ మొహంలో కనిపించింది. అయినా ఆ చెయ్యి రిమోట్ తాడు మీద ఇంకా గట్టిగా బిగుసుకుంది. "ఓడిపోతే ఓడిపోతం, తియ్" అన్నాడు. ఆడపిల్ల నడపగా గెలవడం కంటే తన చేతుల్లో బండి చచ్చి పడుండటమే ఆయనకు నచ్చింది. అంతవరకూ ఆయన్ని తెలివితక్కువవాడే అనుకున్నాను. తెలివితక్కువతనాన్ని క్షమించొచ్చు.

డ్రైవర్లు సంచీలో వేసుకుని తార్నాకదాకా ఏడుస్తూ నడిచాను. కాలేజీ కుర్రాళ్ళు చూస్తున్నా కళ్ళు తుడుచుకోలేదు. ఇంట్లో అమ్మ ఎవరిదో జాకెట్టు కుడుతోంది. జరిగిందంతా వెక్కుతూ చెప్పాను. మిషన్ ఆపకుండా విన్నది.

"గా పుల్లలు వానికిచ్చొచ్చినవా?"

"లేదు. నా దగ్గర్నే ఉన్నయ్."

"మరింకేంది? బండొక్కటే తక్కువ" అని దారం తెంపింది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే ఆ తక్కువ కూడా తీర్చుకున్నాను. ప్రతి దసరాకీ ఆ బండికి పూజ చేసేది అమ్మే. బొట్టు పెడుతుంది, గుంత పక్కన.