దొడ్డమ్మగారు ఒప్పుకున్న కేకు

దొడ్డమ్మగారు పోయారని మంగళవారం పొద్దున్న పాలు పోయించుకుంటుంటే తెలిసింది. పాలావిడ కొలత చెంబు వంచబోతూ ఆగి, "మీ పక్కింటి పెద్దావిడ తెల్లవారుజామున వెళ్లిపోయారంటండి. నిద్దర్లోనే. అదృష్టవంతురాలు" అంది. గిన్నె నా చేతిలో ఉండగానే పిట్టగోడ అవతలకి చూశాను. వాళ్ల వంటింటి కిటికీ మూసి ఉంది. నేను కాపురానికి వచ్చిన ఆరేళ్లలో ఆ వేళకి ఆ కిటికీ మూసి ఉండడం అదే మొదటిసారి.

ఆ వచ్చే ఆదివారం లహరి మొదటి పుట్టినరోజు. లహరి మా వీధి చివరింటి పిల్ల, వాళ్లమ్మకి పెళ్లయిన తొమ్మిదేళ్లకి పుట్టింది. కేకు తనే చేసిపెడతానని దొడ్డమ్మగారు రెండు నెలల ముందే మాటిచ్చారు. ఆవిడ ఒప్పుకున్న ఏ కేకులోనైనా సగం పని నాది. క్రీముతో అంచు, ఆకులు, పువ్వులు నేను వేసేదాన్ని. పిండి కలపడం, కాల్చడం, చివర్లో దాని మీద పేరు రాయడం ఆవిడ పని. ఇప్పుడు ఆవిడ సగం లేదు. ఆ కేకు ఎవరు చేస్తారు, పేరు ఎవరు రాస్తారు అనేది ఎవరూ నన్ను అడగలేదు గానీ, ఆ ప్రశ్న మంగళవారం నుంచి నాతోనే తిరిగింది.

ఆవిడని మా రామచంద్రపురం వీధిలో అందరూ దొడ్డమ్మగారనే పిలిచేవారు. నాకు పరిచయమైంది గాజుముక్కల వల్ల. కొత్తగా వచ్చినప్పుడు అంట్లు తోముతుంటే నా పెళ్లిగాజులు రోజుకొకటి చిట్లేవి. అత్తగారు చూస్తే ఏమంటారోనని ముక్కలు కొంగులో కట్టుకుని తిరిగేదాన్ని. ఒకరోజు గోడ అవతల నుంచి, "ఏమ్మా, ఆ మూట ఇటు పడేయ్. ఆకుపచ్చవి నాకు తక్కువయ్యాయి" అని వినిపించింది. ఎలా చూశారో తెలీదు. వెళ్లి చూస్తే కొవ్వొత్తి మంట మీద గాజుముక్క వేడి చేసి, వంచి, ఒకదాన్లో ఒకటి దూర్చి గొలుసులు చేస్తున్నారు. నెల తిరిగేసరికి అవి వాళ్ల ముందుగది గుమ్మానికి కర్టెన్ అయ్యాయి. గాలి వేస్తే నా పెళ్లిగాజులు వాళ్లింట్లో గలగలలాడేవి. మా అత్తగారు పేరంటానికి వెళ్లి, ఆ కర్టెన్ పట్టుకుని చూసి, "ఎంత బాగుందో" అన్నారు. దొడ్డమ్మగారు నా వైపు చూడకుండా, "అన్నీ మంచి గాజులేనండి" అన్నారు.

ఇంట్లో ఏదీ ఊరికే పారేసేవారు కాదు. పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి కేకు కింద పెట్టే పీటలు చేసేవారు. పాత చీరల అంచులు జడలా అల్లి కాళ్లు తుడుచుకునే పట్టాలు కుట్టేవారు. వారపత్రికల్లో ఆడవాళ్ల పేజీలో వచ్చే చిట్కాలన్నీ చదివేవారు. కానీ తను చేసి చూడకుండా ఒక్కటీ ఎవరికీ చెప్పేవారు కాదు. "అచ్చులో ఉన్నంత మాత్రాన నిజమైపోదమ్మా. రాసినావిడ చేసిందో లేదో మనకేం తెలుసు" అనేవారు. కోడిగుడ్డు డొల్ల పెడితే బల్లులు రావని ఎక్కడో చదివారు. వాళ్లది గుడ్డు ముట్టని ఇల్లు. నా చేత మా ఇంటి నుంచి డొల్లలు తెప్పించి, వసారాలో గూట్లో పెట్టించి, మూడు రోజులు కుర్చీ వేసుకుని కాపలా కాశారు. మూడోరోజు బల్లి వచ్చి ఆ డొల్ల మీదే ఎక్కి కూర్చుంది. "దానికి సింహాసనం వేశాను" అని ఆ చిట్కా పక్కన పెన్సిలుతో అడ్డగీత కొట్టేశారు. వాళ్లాయన్ని మేం పెదనాన్నగారనే వాళ్లం. ఆయన పేపరు దించకుండానే, "పోనీ గొడుగు కూడా పట్టు" అన్నారు.

ఆవిడ కేకులు గుడ్డు లేని కేకులు. అందుకే పూజలూ మడులూ ఉన్న ఇళ్లవాళ్లు కూడా పిల్లలకి ధైర్యంగా చేయించుకునేవారు. మైదా, పంచదార, వెన్న వాళ్లు తెచ్చిచ్చేవారు. గుడ్డు బదులు పుల్లపెరుగు, తినేసోడా. ఓవెన్ లేదు. పెద్ద డేక్సాలో రెండు వేళ్ల మందాన ఇసుక పోసి, మూత పెట్టి పది నిమిషాలు కాగనిచ్చి, అందులో పిండి గిన్నె దించేవారు. ఇసుక మాత్రం కోటిపల్లి రేవు నుంచి రావాలి. మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, జల్లించాలి. కేకు ఉడికిందో లేదో చూడడానికి కొబ్బరి ఈనె కడిగి గుచ్చేవారు. ఈనె పొడిగా వస్తే దించెయ్యడమే. ఇది నేను చాలాసార్లు చేసి చూశాను కాబట్టి మీకూ చెబుతున్నాను. పైభాగం పగిలిందా, దిగులు పడొద్దు. ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, "బోర్లించు. అడుగు ఎప్పుడూ నున్నగానే ఉంటుంది. పై మొహం మనకెందుకు?"

నేను మొదట సొంతంగా చేసింది పసుపు రంగు కేకు. రంగు పొడి కొనడం ఎందుకని పిండిలో రెండు చెంచాల పసుపు కలిపాను. గిన్నెలో ఉన్నప్పుడు బంతిపువ్వులా ఉంది. దించి కోస్తే లోపలంతా ఎర్రటి మచ్చలు. దొడ్డమ్మగారు ముక్క చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "పారాణికి ఏం కలుపుతారే?" అన్నారు.

"పసుపులో సున్నమండి."

"మరి కేకులో ఏం కలిపావు?"

"సోడా అండి."

"అదీ సున్నానికి చుట్టమే. తీసుకెళ్లి పెళ్లికూతురి కాళ్లకి పెట్టు" అని ఆ ముక్క నోట్లో వేసుకున్నారు. "రుచి బాగానే ఉంది. కళ్లు మూసుకుని తినమందాం."

నన్ను కేకుల దగ్గరకి చేరదీసింది గోరింటాకు చూసి. అట్లతద్దికి వీధిలో పిల్లలందరికీ నేనే కోను పెట్టేదాన్ని. మనుషులతో మాట్లాడాలంటే నేను తలుపు చాటుకి తప్పుకుంటాను గానీ, చేతిలో కోను ఉంటే తలొంచుకుని గంటలు కూర్చోగలను. ఒక పిల్ల అరచేతిలో నేను వేసిన తీగని దొడ్డమ్మగారు వెలుగులో పెట్టి చూశారు. మర్నాడు కడిగి ఆరబెట్టిన పాలపాకెట్టు కవరు తెచ్చి, మూల కొంచెం కత్తిరించి, అందులో వెన్న, పంచదార పొడి గిలకొట్టిన క్రీము నింపి నా చేతికిచ్చారు. స్టీలు కంచం బోర్లించి, "దీని మీద వెయ్యి. బాగోకపోతే చాకుతో గీకి మళ్లీ కవర్లో వేసేద్దాం. పోయేదేం లేదు" అన్నారు. పోయేదేం లేదని నాకు అంతకు ముందు ఎవరూ ఏ పని గురించీ చెప్పలేదు.

అలా నాలుగేళ్లు పువ్వులు వేశాను. పేరు మాత్రం ముట్టుకోలేదు. నేను చదివింది ఐదో తరగతి. నా రాత నలుగురిలో పడడం నాకు ఇష్టం ఉండేది కాదు. పైగా కేకు మీద పేరు ఇంగ్లీషులో ఉండాలని అందరూ అడిగేవారు. దొడ్డమ్మగారు ఏటవాలుగా, అందంగా రాసేవారు. చివరి ఏడాది ఆవిడ చెయ్యి వణకడం మొదలైంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసేవారు. ఒకసారి గీత జారితే గీకి మళ్లీ రాశారు. రెండోసారి జారింది. కవరు నా ముందు పెట్టి, "ఇంక పేర్లు నీవి" అన్నారు.

"నాకు ఇంగ్లీషు రాదు కదండీ దొడ్డమ్మగారూ."

"తెలుగొచ్చుగా. తెలుగులో రాయి."

"నా రాత బాగోదండి."

"తీగ వేస్తే బాగుంటుంది, అక్షరం వేస్తే బాగోదా? మన అక్షరాల్లో తిన్నటి గీత ఎక్కడుందో చూపించు. అన్నీ మెలికలే. నువ్వు అరచేతిలో వేసేవే."

కంచం మళ్లీ బోర్లించారు. అప్పటినుంచి మధ్యాహ్నాలు అదే పని. అక్షరాలు రాయడం, గీకడం, మళ్లీ రాయడం. కంచం మీద బాగానే వచ్చేవి. కానీ అసలు కేకు ముందుకు వచ్చేసరికి, "ఈసారికి మీరే రాసెయ్యండి, వచ్చేసారి నేను రాస్తాను" అనేదాన్ని. ఆవిడ ఒక్కసారీ విసుక్కోలేదు. మణికట్టు పట్టుకుని రాసేవారు. ఆవిడ పోయే ముందు శనివారం కూడా అలాగే అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

బుధవారం లహరి వాళ్లమ్మ పలకరింపుకి వచ్చి, వెళ్లేటప్పుడు మా గేటు దగ్గర ఆగింది. "కేకు బేకరీలో చెప్పేస్తాం అక్కా. ఆవిడే లేకపోయాక ఇంకేం చేస్తాం" అంది.

"వద్దండి. నేను చేస్తాను" అన్నాను.

తను నా మొహంలోకి చూసింది. నేను తనతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. "పేరు కూడానా?"

"పేరు కూడానండి. తెలుగులో రాస్తాను."

"ఆవిడ చేతి కింద నేర్చుకున్నావు. నీ ఇష్టం అక్కా" అని వెళ్లింది.

మాట అనేశాక అసలు సంగతి గుర్తొచ్చింది. డేక్సా, ఇసుక, గిన్నెలు, జల్లెడ అన్నీ దొడ్డమ్మగారింట్లో ఉన్నాయి. అది మైల ఇల్లు. పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తనే, "గిన్నెల కోసమా అమ్మా? పన్నెండో రోజు దాకా ఈ ఇంటి చెంచా కూడా పుట్టినరోజుకి పనికిరాదు. ఇచ్చానంటే ఆవిడే నన్ను తిడుతుంది" అన్నారు. తర్వాత మెల్లిగా, "చేస్తానన్నావా?" అని అడిగారు. తలూపాను. "మంచిది" అన్నారు.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడ్డాను. మా అత్తగారు గేటు దగ్గర మాటలన్నీ విన్నారు. "డేక్సాలో ఇసుక పోస్తే ఏమవుతుంది?" అన్నారు.

"అడుగు మాడుతుందండి."

"ఇంకేమవుతుంది?"

"ఇంకేం కాదండి."

"అటక మీద నా పులిహోర డేక్సా ఉంది. మా అమ్మ పెట్టింది. దింపు." దింపి కింద పెట్టాక చీరకొంగుతో దాని దుమ్ము తుడిచారు. "మాడితే మాడింది. ఆవిడ మాట పోకూడదు." దొడ్డమ్మగారి కేకులంటే పని లేనివాళ్ల పనులని ఆరేళ్లూ దెప్పిన మనిషి మా అత్తగారు.

మా ఆయన రైసు మిల్లు నుంచి వస్తూ కోటిపల్లి వైపు వెళ్లి సైకిలు మీద బస్తాలో ఇసుక తెచ్చారు. రెండు రోజులు కడిగి డాబా మీద ఎండబెట్టాను. శనివారం సాయంత్రం కేకు కాల్చాను. పైన నడిమధ్యన పెద్ద పగులు వచ్చింది. చూసి బోర్లించాను. అడుగు నున్నగా ఉంది.

ఎండలు ముదిరిన రోజులు. మధ్యాహ్నం అయితే వెన్న కరిగిపోతుంది. అందుకని ఆదివారం తెల్లవారుతూనే మట్టి మూకుడులో చన్నీళ్లు పోసి, అందులో క్రీము గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. బీట్‌రూట్ రసం చిక్కగా మరిగించి నాలుగు చుక్కలు వేస్తే గులాబీ రంగు వచ్చింది. ముందు అంచు వేశాను. మల్లెమొగ్గలు వేశాను. మధ్యలో జాగా వదిలాను. కంచం బోర్లించలేదు. గీకడానికి చాకు కూడా పక్కన పెట్టుకోలేదు. అంతకుముందు ఎన్నో మధ్యాహ్నాలు ఆ కంచం మీదే గడిచాయి, ఇంక అక్కర్లేదని నాకు తెలుసు. మొదటి అక్షరం మెలిక తిరిగేటప్పుడు ఊపిరి బిగబట్టాను. మిగతా రెండూ వాటంతట అవే వచ్చినట్టు వచ్చాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, ఈగలు వాలకుండా పైన జల్లిబుట్ట బోర్లించారు.

సాయంత్రం వాళ్లింటికి కేకు పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి, అలవాటుగా తలుపు పక్కకి జరిగాను. బల్లకి దగ్గరగా కుర్చీలో లహరి తాతమ్మ కూర్చుని ఉన్నారు. ఈ పండగ కోసమని మొగల్తూరు నుంచి వచ్చారట. మనవలు కొవ్వొత్తి వెలిగిస్తుంటే ఆవిడ కళ్లజోడు సవరించుకుని ముందుకి వంగారు. చూపుడువేలు కేకుకి తగలకుండా పైపైన పెట్టి, "ల... హ... రి" అని కూడబలుక్కుని చదివారు. తలెత్తి లహరి వాళ్లమ్మని చూశారు.

"పేరు రాస్తారా దీని మీద? మా ఇంట్లో పిల్లలందరికీ కేకులు కోశారు. పైన ఆ గీతలు ఏదో ముగ్గు అనుకునేదాన్ని."

"ఎప్పుడూ ఇంగ్లీషులో ఉంటుంది కదా మామ్మా."

"ఎవరు రాశారమ్మా?"

లహరి వాళ్లమ్మ నా కోసం వెతికింది. నేను తలుపు పక్కనుంచి బల్ల దగ్గరకి వచ్చాను. "నేనేనండి. మా దొడ్డమ్మగారు నేర్పారు" అన్నాను.

ఎవరో చాకు అందించారు. పిల్ల చెయ్యి దాని మీద పెట్టించబోతుంటే తాతమ్మగారు, "ఉండండర్రా. ఇంకోసారి చదవనివ్వండి" అన్నారు. చాకు ఆగింది. కొవ్వొత్తి కరుగుతోంది. ఎవరూ ఆవిడని తొందరపెట్టలేదు. ముడతలు పడిన ఆ వేలు మళ్లీ మొదటి అక్షరం మీదికి వచ్చి, గాల్లోనే, దాని మెలిక వెంట మెల్లిగా తిరగడం మొదలుపెట్టింది.