పక్కింటి ఏంజెల్ చేపల కొలత

"ఇవి మా చేపలు కావు," అంది పక్కింటి అక్క.

చేపల తొట్టిని మా ఇంటి నుంచి వాళ్ళింటికి తిరిగి మోసుకెళ్ళి గంట కూడా కాలేదు. నేను పెరట్లో చేతులు కడుక్కుంటున్నాను. ఆమె లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, గొంతు పెంచకుండా ఆ మాట అంది. అరిచి ఉంటే ఇన్నేళ్ళ తర్వాత నాకు ఇంత స్పష్టంగా గుర్తుండేది కాదేమో.

"ఏమంటాండావక్కా?"

"మావి ఇంకా పెద్దవి. ఇవి యావో చిన్నవి. నల్లపట్టీలు కూడా సరిగ్గా అగుపడల్యా. నెల దినాలు మీ ఇంట్లోనే ఉండాయి కదమ్మా, నీకే తెలియాల."

అది రెండువేల ఐదో ఆరో సంవత్సరం. మైదుకూరులో ఒక ఇరుకు వీధిలో అద్దెకు ఉండేవాళ్ళం. మా ఆయన బస్సు కండక్టరు, కర్నూలు సర్వీసులో తిరిగేవాడు. నేను మా చర్చి సంఘంలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పేదాన్ని. పక్కింటివాళ్ళది బజారులో బట్టల అంగడి. తాతల కాలంలో వాళ్ళు మగ్గం నేసినవాళ్ళు. అక్క, ఆమె భర్త, ఇద్దరే ఉండేవాళ్ళు. ఆయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. ఇంట్లో చేపలుంటే వ్యాపారం బాగుంటుందని ఎవరో చెబితే, హాల్లో ఈశాన్యం మూల ఒక లోతైన గాజు తొట్టి పెట్టించారు. అందులోకి రెండు ఏంజెల్ చేపలను కర్నూలు నుంచి తెచ్చింది మా ఆయనే. నీళ్ళు పోసి గాలి నింపి రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరును బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

వచ్చినప్పుడు ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత ఉండేది. అవి పొడుగ్గా సాగే చేపలు కావు. నిలువుగా పెరుగుతాయి. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు అరచేయంత అయింది. వీపు మీది రెక్క పైకి తెరచాపలా లేచింది, పొట్ట కింది రెక్క అంతకంత కిందికి దిగింది. ఆ రెక్కల కొసల నుంచి సన్నటి పోగులు వేలాడేవి. పైకొస నుంచి కింది కొస దాకా చూస్తే, నా చేతి జానెడుకు కొంచెం తక్కువ. తొట్టి లోతు లేకపోతే ఈ చేపలు గిడసబారిపోతాయని, రెక్కలు వంకర పోతాయని అమ్మినవాడు చెప్పాడట. అక్క ఆ మాటను మంత్రంలా పట్టుకుంది. ప్రతి అమావాస్య వెళ్ళిన మరుసటి రోజు చేపలను కొలిచేది. తొట్టి ముందు మేత చల్లి, చేప అద్దానికి ఆనుకుని వచ్చి రెక్కలు విప్పినప్పుడు, బయటి నుంచి అద్దం మీద ఒక నూలు దారం నిలువుగా పట్టి, అంతవరకు కత్తిరించి దేవుడి గూట్లో పెట్టేది. చేప వెనక్కి జరిగితే కొలత తగ్గి కనిపిస్తుందని ఆమె తనంతట తనే కనిపెట్టింది. ఒక్కో చేపకు ఒక్కో దారం. పాతది తీసేసి కొత్తది.

బెంగళూరులో కూతురి కాన్పుకు వెళ్ళాల్సి వచ్చి, తొట్టిని మా ఇంట్లో పెట్టమన్నారు.

"మీ దేవదూతల పేరే కదమ్మా దీనికి! మీ ఇంట్లో ఉంటే మీ ప్రార్థనలు విని ఇంకా లావవుతాయిలే," అని అక్క నవ్వింది.

నేను నవ్వలేదు. పొరుగువాడు కాపాడమని ఇచ్చిన ప్రాణి గురించి మా బైబిలు ధర్మశాస్త్రంలో ఒక విధి ఉంది. ఎవరూ చూడనప్పుడు దానికి చావో గాయమో వస్తే, కాపాడినవాడు దేవుని ఎదుట నిలబడి తాను దానిమీద చెయ్యి వేయలేదని చెప్పాలి. నాకు అప్పుడే ఆ విధి గుర్తుకొచ్చింది. అయినా కాదనలేకపోయాను.

నెలలో చాలా రోజులు మామూలుగానే గడిచాయి. చేపలు నా చేతికి అలవాటు పడ్డాయి. నేను అద్దం మీద వేలు పెడితే రెండూ వచ్చేవి. మధ్యలో కడపలో స్త్రీల ప్రార్థన కూడికలకు వెళ్ళి కొన్ని రోజులు ఉండి వచ్చాను. తిరిగొచ్చేసరికి తొట్టిలో నీళ్ళు కొత్తగా ఉన్నాయి. బకెట్టు కడిగి బోర్లించి ఉంది. మా ఆయన తాగిన గ్లాసు కూడా కడిగేవాడు కాదు. వంటింటి మేకుకు ఒక ఖాళీ ప్లాస్టిక్ కవరు, దాని మూతికి రబ్బరు బ్యాండు. ఒక చేప నా వేలు దగ్గరికి వచ్చింది. రెండోది గాలి గొట్టం వెనక నక్కి, ఎంతసేపటికీ రాలేదు.

"దీనికేమైంది?" అని అడిగాను.

"నీళ్ళు మార్చినా. బెదిరింది."

"ఆ కవరేంది?"

"మేత తెచ్చినా కర్నూలు నుంచి."

మేత డబ్బా కొత్తదే ఉంది, నిజమే. కానీ మేత డబ్బాను రబ్బరు బ్యాండు వేసి ఎవరిస్తారు? అడగలేదు. మనసులో మాత్రం అది ముల్లులా ఉండిపోయింది. రెండు చేపలనూ పక్కపక్కన చూసినప్పుడల్లా, రెండోది ముందున్నదేనా అని అనుమానమే. ముందు దాన్ని నేను అంత పరీక్షగా ఎప్పుడు చూశాను గనక?

అందుకే అక్క గడప అవతల నిలబడి ఆ మాట అన్నప్పుడు, నాకు వెంటనే కోపం రాలేదు. భయం వేసింది.

ఆమె వెంట వెళ్ళాను. తొట్టి మళ్ళీ ఈశాన్యం మూలలో ఉంది. చేపలు రెండూ అడుగున, ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. రెక్కలు ముడుచుకుని, గొడుగు మూసినట్టున్నాయి. పట్టీలు వెలిసిపోయి, ఒళ్ళంతా బూడిద రంగు. నిజంగానే చిన్నగా కనిపించాయి. అన్న అంగడి నుంచి తెచ్చిన ఉక్కు స్కేలును అద్దానికి ఆనించి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"మూడున్నర అంగుళాలు," అన్నాడు. "నీ దారం ఎంతుండాది?"

అక్క దారాన్ని స్కేలు మీద సాగదీసింది. ఆరు దాటింది.

"పెరిగే వయసులో ఉండే చేప తగ్గుతాదా ఏమప్పా?" అని మా ఆయనను అడిగాడు అన్న. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"మార్చి నేనేం చేసుకుంటా అన్నా? పులుసు పెట్టుకుంటానా?"

ఆయన నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ చూడకపోవడం కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

మరుసటి పొద్దున అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక పళ్ళెం, అందులో కర్పూరం బిళ్ళ.

"నాకు రగడ వద్దమ్మా. కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి, మేం మార్చల్యా అని ఒక్క మాట అను. లేదంటే మీ గ్రంథం మీదనే చెయ్యి పెట్టి అను. దానితో అయిపోయె. మల్ల నేను జన్మలో అడగను."

ఆమె చూపిస్తున్నది మంచి దారే. మా వైపు పల్లెల్లో ఎన్నో తగాదాలు అలాగే తీరేవి. కానీ ప్రభువు ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోవద్దన్నాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించింది దుష్టుని నుంచి వచ్చేదని మా సంఘంలో చిన్నప్పటి నుంచి నేర్పారు. ఆ పాఠాన్నే నేను ఆదివారం పిల్లలకు చెప్పేదాన్ని.

"మేము ప్రమాణం చెయ్యమక్కా. మార్చలేదని చెప్తాండా. నా మాట నమ్ము."

"మార్చనప్పుడు ప్రమాణానికి భయమేంటికి?"

"భయం కాదు. మాకు కూడదు."

"ఎవురికి కూడదమ్మా? తప్పు చేసినోళ్ళకే కూడదు." పళ్ళెం తీసుకుని లేచింది. "శానా బాగుండాది మీ దేవుడి పద్ధతి."

ఆ చివరి మాట నన్ను కోసింది. నా పరువు పోయినా ఒక రకం. నా మాటకు విలువ లేకపోతే, నేను ఎవరి పేరు చెప్పి బతుకుతున్నానో ఆ పేరుకు కూడా ఆ వీధిలో విలువ ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమెకు తెలియదు. ఒట్టు కూడినా నేను వేయగలిగి ఉండేదాన్ని కాదు. "మేం మార్చలేదు" అనడంలో నా సగం మాత్రమే నాకు తెలుసు.

రెండు రోజులు అక్క మా గోడ వైపు తలెత్తలేదు. మూడో పొద్దున నేనే వెళ్ళాను. మేత డబ్బా చేతిలో పట్టుకుని, "ఇంకొక్కసారి కొలుద్దాం. ఇప్పుడు నీ పద్ధతిలో," అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి దారాలు తెచ్చింది.

తొట్టిలో దీపం వేశాం. చేపల పట్టీలు నల్లగా తిరిగొచ్చాయి. మేత చల్లగానే రెండూ పైకి లేచి, అద్దానికి ఆనుకుని, రెక్కలు పూర్తిగా విప్పాయి. చోటు మారిన బెదురుకు ముడుచుకున్నవి సర్దుకున్నాయని అప్పుడు అర్థమైంది. అయినా అన్న స్కేలు పెట్టి, "నాలుగున్నరే. మొన్నటికంటే ఒక అంగుళం ఎక్కువ, అంతే," అన్నాడు.

నేను ఆయన వేలు ఎక్కడ ఉందో చూశాను. పైరెక్క దళసరిగా ఉన్నంతవరకే ఉంది. అక్కడి నుంచి పైకి వేలాడే సన్నటి పోగు ఆయన లెక్కలో లేదు. కింద కూడా అంతే.

"అన్నా, కొసలు వదిలేస్తాండావు."

"ఏ కొసలు?"

"ఆ పోగులు."

"కుచ్చులా? కుచ్చులు కొలతలోకి యాడొస్తాయమ్మా? ఐదున్నర మీటర్ల చీరంటే కొంగుకు వేలాడే కుచ్చులు కాక ఐదున్నర. కుచ్చులు కలిపి అమ్మితే మా నాయన చెయ్యిరగ్గొట్టేటోడు."

అక్క తన భర్త వైపు తిరిగి నోరు తెరిచింది. "ఓరి నీ అంగడి కాలిపోనూ! అది చీరా? నేను ఈ కొస కాడి నుంచి ఆ కొస దాకా పెట్టినా దారం!"

"అయితే ముందే చెప్పాల!"

"చేపకు కుచ్చులేందయ్యా, ఎవురైనా వింటే నవ్వుతారు!"

వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటుంటే నేను దారం తీసుకుని మొదటి చేపకు పెట్టాను. పైకొసకు అందుకుంది. కింద పోగు దారాన్ని దాటి ఇంకో గోరంత దిగింది. నెలలో పెరిగింది. అక్క వంగి చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది.

రెండో చేపకు పెట్టాం. పైన సరిపోయింది. కింద అర అంగుళం తక్కువ. పోగు మధ్యలో తెగి ఉంది.

అక్క చెయ్యి నా భుజం మీద నుంచి తీయలేదు గానీ, బరువు తగ్గింది. "ఇదెట్ల తెగిందో," అంది. నేను "తెలియదక్కా" అన్నాను. అది నిజమే.

ఆ తర్వాత ఆమె మాతో మాట్లాడింది, నవ్వింది, కరివేపాకు అడిగింది. కానీ అమావాస్య వెళ్ళగానే నన్ను పిలిచి, నా ఎదుటే రెండో చేపకు దారం పట్టేది. నేను నిలబడి చూసేదాన్ని. ఆ తెగిన పోగు కొస నుంచి ముందు గాజులాంటి తెల్లటి మొలక వచ్చింది. తర్వాత అది నల్లబడింది. ఇంకో నెలకు దారాన్ని అందుకుంది. ఆ రోజు అక్క పూర్ణం పెట్టిన ఓళిగలు చేసి పంపింది. "నా చేపే ఇది. నాకు తెలుసు," అంది.

ఏ చేపకైనా పోగు తెగితే మళ్ళీ మొలుస్తుంది. ఆమెకు ఆ ఆలోచన రాలేదు. నాకు వచ్చింది. దాంతో ఓళిగ నోట్లో పెట్టుకోలేకపోయాను.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఖాకీ చొక్కా విప్పి తగిలిస్తున్నాడు. నేను తలుపు దగ్గరికి వేసి అడిగాను.

"ఆ చేపను మార్చినావా?"

ఆయన చొక్కా తగిలించడం పూర్తిచేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ల్యా."

ఇంకేదైనా చెబుతాడని చూశాను. కవరు సంగతి, బకెట్టు సంగతి. చెప్పలేదు.

"కర్పూరం తెమ్మంటావా?" అన్నాడు.

"వద్దు."

అక్కను ఆ రోజు నేను కోరింది ఇదే. ఒక్క మాటను, దానికి ఏ అండా లేకుండా నమ్మమని. ఆయనను ఇంకొక్క ప్రశ్న అడగాలని నాలుక చివరికి వచ్చింది. మింగేసి కంచం పెట్టాను. ఓళిగ మీద నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని, ఆయన తిన్నంతసేపూ మేకుకు తగిలించిన చొక్కా వైపే చూస్తూ ఉన్నాను.