పిటిషనరు కిందున్నారండీ!

మా ఊళ్ళో ప్లీడర్లకు కొదవలేదు. కోర్టు ప్రహరీగోడను ఆనుకునే నా జిరాక్సు దుకాణం ఉంది కాబట్టి, వాళ్ళందరి బండారమూ నాకు తెలుసు. ఎవరు కాగితం చదవకుండా సంతకం గీకేస్తారో, ఎవరు జడ్జి గారి ముందు పిల్లిలా నిలబడి బయటికొచ్చాక మీసం మెలేస్తారో, అడిగితే చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. అయితే అందరూ కలిసి చాటుగా నవ్వుకునేది మాత్రం ఒక్కాయన్ని చూసే. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. కేకల ప్లీడరు అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

ఇల్లు కాదులెండి, పిండిమర. మర ఆయన భార్యది. సంపాదనంతా ఆవిడదే. మరలో ఓ మూల చెక్క అడ్డుగోడ కట్టి, ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసుకోనిచ్చింది. దాని మీద ఆయన బోర్డు పెట్టుకున్నాడు: "పౌరహక్కులు మరియు ఇతర వ్యవహారములు". పౌరహక్కుల కోసం వచ్చేవాళ్ళు ఎప్పుడో ఒకరు. మిగతాదంతా ఇతర వ్యవహారాలే. పక్కింటి కోడి వచ్చి పాదులు తవ్వేసిందని ఒకడు, మేడ మీద నీళ్ళు మా గుమ్మంలో పడుతున్నాయని ఇంకొకావిడ. నల్లకోటు ఎప్పుడు చూసినా పిండి పట్టి బూడిదరంగులో ఉండేది. దులుపుకోవయ్యా మగడా అంటే, "సాయంత్రానికి మళ్ళీ పడుతుంది కదా" అనేవాడు.

మర తిరుగుతుంటే అక్కడ ఏమీ వినపడదు. అందుకని కక్షిదారులు తమ గోడు అరిచి చెప్పుకోవాలి, ఆయన అరిచి జవాబివ్వాలి. పిండి డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా చెవులు రిక్కించి వినేవాళ్ళు. విడాకులకని వచ్చిన ఒక జంట, నువ్వు గురక పెడతావంటే నువ్వు గుండీలు కుట్టవని అంతమంది ముందు అరుచుకుని, సిగ్గుతో తలలు వంచుకుని కలిసే ఇంటికి పోయారు. అది తన విజయమేనని ఆయన చెప్పుకుంటాడు. నేను మాత్రం మర విజయం అంటాను.

అలా ఏళ్ళ తరబడి అరిచి అరిచి ఆయనకు మెల్లగా మాట్లాడటం అనేదే పోయింది. కోర్టులో "గొంతు తగ్గించండి" అని చెప్పని జడ్జి లేడు. కానీ ఆ గొంతే ఒకసారి పనికొచ్చింది. ఇన్‌స్పెక్టరుకు ఊరికే గడ్డం గీయనన్నాడని ఒక మంగలి కుర్రవాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టారు. లోపలికి రానివ్వకపోతే కేకల ప్లీడరు వీధిలో నిలబడి, మనిషిని కారణం చెప్పకుండా పట్టుకోకూడదని చట్టంలో ఎక్కడెక్కడ రాసుందో అన్నీ వరసపెట్టి అరవడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా పోగైంది. కుర్రవాణ్ణి వదిలేశారు. మన ప్లీడరు గడ్డం మాత్రం ఆ తర్వాత కూడా మాసిపోయే ఉండేది, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకంటే, మా అక్క ఉద్యోగం ఆయన చేతిలో పడింది.

అక్కకు చిన్నప్పుడు జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. అమ్మ పోయాక ఇద్దర్నీ పెంచింది నాన్నే. గోదాముల్లో బస్తాలు మోసిన మనిషి. అక్కను కూడా ఆయనే మోసేవాడు. బడికి, పెళ్ళిళ్ళకు, సినిమాహాల్లో బాల్కనీకి. "బస్తాలు మోసినవాణ్ణి, బిడ్డను మోయలేనా?" అని ఛాతీ విరుచుకునేవాడు. చూసినవాళ్ళు, "అబ్బ, ఏం తండ్రండీ!" అనేవాళ్ళు. అక్క ఏమీ అనేది కాదు.

అక్క టౌను ఆఫీసు పరీక్ష రాసి పాసైంది. జనన మరణాల కౌంటరులో గుమాస్తా ఉద్యోగం. మేం పండగ చేసుకుంటుండగా ఆఫీసు నుంచి కబురు: కౌంటరు పై అంతస్తులో ఉంది, మెట్లెక్కలేని మనిషికి ఇవ్వలేం, నెల తిరగ్గానే తర్వాతి వాళ్ళకు ఇచ్చేస్తాం. నా ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకు వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టొచ్చాను. అక్క మాత్రం నిదానంగా, "తిడితే ఉద్యోగం రాదే. నాకది కావాలి. ఎవరూ దానం చెయ్యలేదు, రాసి తెచ్చుకున్నాను" అంది.

నా దగ్గర జిరాక్సులు తీయించుకునే పెద్ద ప్లీడర్లందరినీ అడిగాను. "టౌను ఆఫీసు మీద కేసా? రేపు మా ఇంటి ప్లాను అక్కడికే వెళ్ళాలి కదమ్మా" అన్నారొకరు. ఇంకొకరు వినపడనట్టు నటించారు. ఆయనకు పాముచెవులని నాకు తెలుసు. చివరికి దిక్కులేక ముగ్గురం పిండిమరకు వెళ్ళాం.

నేను గొంతు చించుకుని అంతా చెప్పాను. ఆయన విన్నాడు. నాన్న మధ్యలో దూరి, "మెట్లదేముందండీ! రోజూ పొద్దున్నే నేను మోసుకెళ్ళి దింపుతానని రాసిద్దాం. సాయంత్రం మళ్ళీ మోసుకొస్తా!" అని అరిచాడు.

కేకల ప్లీడరు లేచి వెళ్ళి మర ఆపేశాడు. వరసలో వాళ్ళు గోల పెట్టారు. ఆయన భార్య జల్లెడ చేతపట్టుకుని ఒంటికాలి మీద లేచింది. ఆయన పట్టించుకోలేదు. అక్క ఎదురుగా వచ్చి కూర్చుని, తన మట్టుకు మెల్లగా, అంటే వీధి చివరకు వినపడేలా, అడిగాడు.

"నిన్ను మోస్తుంటే నీకెలా ఉంటుందమ్మా?"

అక్క నాన్న వైపు చూసింది. డబ్బాల వాళ్ళ వైపు చూసింది. తల దించుకుంది.

"సరే. తొందరేం లేదు. చెప్పాలనిపించినప్పుడే చెప్పు" అని ఆయన మళ్ళీ మర వేశాడు.

కేసు పడింది. కౌంటరు కిందికి మార్చాలని మేం; మార్చేది లేదు, కావాలంటే ఎవరైనా మోసుకొచ్చి దింపుకోవచ్చని ఆఫీసు. మా కోర్టు హాలు కూడా పై అంతస్తులోనే. వాయిదా ముందు రోజు ఆయన నా దుకాణానికొచ్చి మరీ హెచ్చరించాడు. "మీ అక్కను పైకి తేవద్దు. ఆవరణలో చెట్టు కింద కూర్చోబెట్టండి. మిగతాది నేను చూసుకుంటా."

అంత తేలిగ్గా వింటే మాది మా ఇల్లెందుకవుతుంది! వాయిదా రోజు ఆవరణలో ఎవడో దారినపోయే పెద్దమనిషి, మనిషి లోపల కనపడకపోతే కేసు కొట్టేస్తారని నాన్న చెవిలో ఊదాడు. అంతే. నేను కాగితాల కట్ట కుట్టించుకొచ్చేలోపు అక్కను రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కేశాడు. హాల్లోకి ఆయాసపడుతూ వెళ్ళి, ముందు వరస బల్ల మీద దింపి, గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

టౌను ఆఫీసు ప్లీడరు మొహం వెలిగిపోయింది. "తమరే చూశారు. పిటిషనరు చక్కగా పైకి వచ్చారు. ఎంత ప్రేమగల తండ్రి! ఇక ఇబ్బంది ఏముంది?"

కేకల ప్లీడరు నోట మాట రాలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం కోర్టు మొదటిసారి చూసింది. గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. ఎట్టకేలకు ఆయన వాయిదా అడిగాడు. జడ్జి గారు ఇచ్చారు కానీ, వచ్చే వాయిదాకు పిటిషనరు మాట విని తేల్చేస్తానన్నారు.

కిందికొచ్చాక ఆయన గొంతు మళ్ళీ లేచింది. "కొంప ముంచావు కదయ్యా! మోసుకెళ్తే వెళ్ళగలదని వాళ్ళంటున్నారు, కాదని నేనంటున్నాను. నువ్వేమో వాళ్ళకే సాక్ష్యం మోసుకొచ్చావు!"

"నా బిడ్డ కేసు పోతుందేమోనని..." అని నాన్న నీళ్ళు నమిలాడు.

"అడిగావా బిడ్డను?"

నాన్నకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అక్కకు ఏడుపొచ్చినట్టుంది, మొహం తిప్పేసుకుంది. నాకు నాన్న మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మళ్ళీ వాయిదా వచ్చింది. ఈసారి నాన్న చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అక్క చెట్టు కింద కుర్చీలో. నేను పైన కిటికీ పక్కన. కేసు పిలిచారు. కేకల ప్లీడరు ఎక్కడా లేడు.

"పిటిషనరు హాజరా?" అన్నాడు గుమాస్తా.

"ఉన్నారండీ!"

కిటికీ అద్దాలు అదిరాయి. గొంతు కింద నుంచి.

"పిటిషనరు కిందున్నారండీ! ప్లీడరు కూడా కిందే ఉన్నాడండీ!"

జడ్జి గారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికొచ్చారు. "ఏమిటండీ ఇది? పైకి రండి."

"రాలేరండీ! కేసే అది!"

హాలంతా గొల్లుమంది. జడ్జి గారు నవ్వలేదు. కాసేపు కింద ఉన్న అక్కను చూశారు, తర్వాత మెట్ల వైపు చూశారు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని దిగడం మొదలుపెట్టారు. వెనక గుమాస్తా, కాగితాలు, ప్లీడర్లు, ఊరంతా. స్కూటర్లు పెట్టే రేకుల షెడ్డులో కుర్చీ వేశారు. ఎండకు టౌను ఆఫీసు ప్లీడరుకు చెమటలు పట్టాయి. నాకు పరమానందం.

ఆ ప్లీడరు మాత్రం వదల్లేదు. "పోయినసారి తండ్రి తీసుకొచ్చారు కదమ్మా. నీకేమైనా నొప్పి కలిగిందా?"

"లేదండి" అంది అక్క.

"కింద పడ్డావా?"

"మా నాన్న నన్ను ఎప్పుడూ పడెయ్యలేదండి."

"మరింకేమిటి?"

కేకల ప్లీడరు అడ్డుపడలేదు. అక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఈసారి నిజంగానే మెల్లగా, నాక్కూడా సరిగా వినపడనంత మెల్లగా, "ఇప్పుడు చెబుతావా అమ్మా?" అన్నాడు. ఆయనకు అలా మాట్లాడటం వచ్చని అప్పుడే తెలిసింది.

అక్క జడ్జి గారి వైపు తిరిగింది. "మా నాన్న నన్ను ఎత్తుకున్న ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుంటానండి. చిన్నప్పట్నుంచీ అంతే. మెట్ల మీద అందరూ ఆగి చూస్తారు. ఆయన్ని మెచ్చుకుంటారు. నేనేమో మోసిన బరువునండి. ఆయన బాధపడతారని ఎప్పుడూ చెప్పలేదు. ఆఫీసుకు పొద్దున్నే అందరూ పనికి వస్తారు. నేనూ అలాగే రావాలి. నన్నొకరు తెచ్చి దింపకూడదండి."

నేను నాన్న వైపు చూడలేకపోయాను, కానీ చూశాను. అంత మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అడగకుండానే ముందుకొచ్చాడు.

"నిజమేనండి. నేనెప్పుడూ అడగలేదు. ఇంక మోయను. నా బిడ్డ ఉద్యోగం నా బిడ్డకు ఇప్పించండి."

టౌను ఆఫీసు ప్లీడరు ఇంకేదో అనబోయి, చుట్టూ మొహాలు చూసి కూర్చున్నాడు. జడ్జి గారు అక్కడే, ఆ రేకుల కిందే చెప్పారు: కౌంటరు కింది గదిలోకి మార్చాలి, గుమ్మానికి వాలుదారి కట్టాలి, ఉద్యోగం ఆమెదే. తిరిగి మెట్లెక్కుతూ, కోర్టుకు కూడా ఏదో ఒకటి చెయ్యాలని గుమాస్తాతో గొణిగారట. చేస్తారో లేదో మీకు చెబుతాను.

ఆ మధ్యాహ్నం మరలో కేకల ప్లీడరు గెలిచిన కేసంతా అరిచి వినిపిస్తుంటే ఆయన భార్య మర ఆపలేదు సరికదా, ఇంకాస్త జోరు పెంచింది. అయినా వరసలో చివరావిడ దాకా అందరికీ వినపడింది.

అక్క ఉద్యోగంలో చేరిన రోజున నాన్న గేటు వరకూ వెంట వెళ్ళాడు. వాలుదారి కొత్త సిమెంటు మీద అక్క తనే చక్రాలు తిప్పుకుంటూ పైకెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. నాన్న గేటు కమ్మీలు పట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. అటుగా వస్తున్న కేకల ప్లీడరు చూసి, తన కాగితాల కట్టలన్నీ ఆయన చేతుల్లో పడేశాడు. "ఖాళీగానే ఉన్నావుగా, ఇవి కోర్టు దాకా మోసుకురా. వీటిని మోస్తే ఇవేమీ అనుకోవు!" అని అరిచాడు. నాన్న నవ్వి మోశాడు.

మా ఇంటి గుమ్మానికి రెండు మెట్లున్నాయి. ఆ సాయంత్రం అక్క తిరిగొచ్చి వాటి ముందు ఆగింది. అలవాటు ప్రకారం నాన్న వంగబోయి, మధ్యలోనే ఆగి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఎత్తుకోమంటావా అమ్మా?"

అక్క చక్రాల మీద నుంచి చేతులు తీసింది.

"ఊఁ. ఇవాళ బాగా అలిసిపోయాను నాన్నా. ఎత్తుకో."

నేను కుర్చీ పట్టుకుని వెనకే నడిచాను. అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి.