మూడో ‘కె’

మదనపల్లెలో లెక్కల థీసిస్ టైపు చేయగలిగింది వసంతమ్మ ఒక్కతే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కిటికీ పక్క మిషను ఆమెది. అక్కడొక పద్ధతి ఉండేది. తప్పు దొర్లిన కాగితం మూలన, కొట్టినవాళ్ళ పేరు ఎర్రసిరాతో రాసి గోడకు తగిలించేవారు. ఆమె పేరు గోడెక్కగా నేను చూడలేదు.

అది 1979 మార్చి. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. వంపు తిరిగిన తలం మీద ఒక సమీకరణాన్ని, ముక్కకొక చరరాశి చొప్పున ఎప్పుడు విడదీయగలం? ఫలానా రకం టెన్సర్ క్షేత్రం ఉంటే చాలునని నా సిద్ధాంతం. నెలాఖరులోగా థీసిస్ టైపు చేయించి ఇవ్వకపోతే నా పిహెచ్.డి. రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఏడేళ్ళ పని పోతుంది.

టెన్సర్‌కు తలమీద కొన్ని అక్షరాలు, కాళ్ళకింద కొన్ని. ఒక్కోదానికి రోలరును సగం గంటు తిప్పాలి.

“మీ లెక్కలో మిద్దె ఉండాది, నేలమాళిగ ఉండాది. మనుషులుండే ఇల్లే లేదు సార్,” అనేది వసంతమ్మ.

ఇరవై ఎనిమిదో తేదీన అరవై ఒకటో పేజీ దగ్గర ఆగింది.

“ఈడ సూడండి సార్. ఇంతవరకూ రెండుసార్లొచ్చిన అక్షరం పైనొకటి, కిందొకటి, జతగా వచ్చినాది. ఈ వరుసలో ‘కె’లు మూడుండాయి. యాల?”

“రాసింది కొట్టమ్మా. టైము లేదు.”

“కొడతాలెండి. గోడెక్కేది నా పేరు గదా.”

బస్సులో ఆ వరుస మళ్ళీ వేసి చూశాను. వేర్వేరు రెండింటికి ఒకే అక్షరం పెట్టేశాను. అందుకే సమీకరణంలో ఒక పదం సున్నా అయిపోయింది. అక్షరం మారిస్తే అది నిలిచే ఉంది. విడిపోయాయనుకున్న చరరాశులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

మర్నాడు సెలవు పెట్టి, ఆ పదం సున్నా అయ్యే తలాలకే సిద్ధాంతాన్ని కుదించి రాశాను. ముప్పయ్యో తేదీన వసంతమ్మ పందొమ్మిది పేజీలు మళ్ళీ కొట్టింది. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు రాసిచ్చాను. డిగ్రీ వచ్చాక చూసుకుంటే ఆ వాక్యం లేదు. అప్పటికి ఆమె ఉద్యోగం మీద కుప్పం వెళ్ళిపోయింది.

1986లో కుప్పం స్టేషన్‌లో కనిపించింది. కళ్ళద్దాలొచ్చాయి.

“నీ పేరు యాల తీసేస్తివమ్మా?”

“మా ఇన్‌స్టిట్యూట్‌లో పేరుండే కాయితమంటే తప్పుండే కాయితం సార్. మీ పుస్తకం శుభ్రంగా ఉండాల గదా,” అని నవ్వింది. “అవునూ, ఆ మూడో ‘కె’ యాడికి పాయె?”

“‘ఎమ్’ అయింది.”

“అంతేనా! దానికి ఒక దినమంతా కొట్టిస్తిరే!”

ఇంటికొచ్చి పాత రాతప్రతి తీశాను. అరవై ఒకటో పేజీ మూలన, ఎర్రసిరాతో నా పేరు రాశాను.