ఎదురు బండి రాని రోడ్డు

రాజమండ్రి తాడితోటలో గణేష్‌బాబుకి తండ్రి నుంచి వచ్చిన బట్టల కొట్టు ఉండేది. గుమస్తాలు నమ్మకస్తులు, బేరాలు బాగానే సాగేవి. అతని మనసు మాత్రం కొట్టు బయట ఆపిన తెల్ల జెన్ కారు మీదే ఉండేది. బట్టలు చూడటానికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే, ఎండ దాని మీదకి వచ్చిందేమోనని వీధిలోకి తొంగి చూసేవాడు.

ఈ పిచ్చిలో అతనికి తోడు భార్య దుర్గాశ్రీ తమ్ముడు భానుతేజ. పిఠాపురం కుర్రాడు. ఇంజనీరింగ్‌లో చేరి అక్కగారింట్లోనే ఉండి చదువుకునేవాడు. బావా బావమరిదీ రైల్వేస్టేషన్ బుక్‌స్టాల్‌లో కార్ల పత్రిక కొనుక్కొచ్చి, భోజనాల దగ్గర కూడా దాన్ని వదిలేవాళ్ళు కాదు. కూర చల్లారిపోతోందని దుర్గాశ్రీ కసిరితే ఇద్దరూ ఒకేసారి తలలెత్తేవాళ్ళు.

మద్రాసు దాటాక ఒక రేస్ ట్రాక్ ఉందనీ, రేసర్లు కానివాళ్ళు కూడా ఎప్పుడైనా ఒకరోజు సొంత కారు తీసుకెళ్ళి నడపొచ్చనీ ఆ పత్రికలోనే చదివారు.

"బావా, అక్కడ ఎదురు బండి రాదంట. అందరూ ఒకవైపే పోతారంట" అన్నాడు భాను.

"గేదెలో?"

"గేదెలూ ఉండవు, సైకిళ్ళూ ఉండవు."

"అయితే హారన్ పీకి మీ అక్కకిచ్చి వెళ్దాం. మనం రాగానే మోగిస్తుంది."

పరీక్షలయ్యాక వెళ్దామనుకున్నారు. హెల్మెట్ల కోసం బజారంతా తిరిగి, మొహం మొత్తం కప్పేవి రెండు కొన్నారు. భాను ఇంట్లో ఒకటి పెట్టుకుని అద్దం ముందు నిలబడితే, దుర్గాశ్రీ పడీపడీ నవ్వింది.

పరీక్షలు కాకముందే, రెండువేల సంవత్సరం శీతాకాలంలో, ముగ్గురూ కోరుకొండ వెళ్ళారు. కొండెక్కి నరసింహస్వామి దర్శనం చేసుకుని, మెట్లు దిగి కారెక్కారు. గణేష్‌బాబు స్టీరింగు ముందు, పక్కన భాను, వెనక దుర్గాశ్రీ. ప్రసాదం కాళ్ళ దగ్గర ఉండకూడదు కనక, కొట్టిన కొబ్బరి చెక్కలు డాష్‌బోర్డు మీదకి చేరాయి.

అతను ఆ రోజు వేగంగా పోవడం లేదు కూడా. ఒక మలుపులో కొబ్బరి చెక్క ఒకటి జారి అతని కాళ్ళ దగ్గర పడింది. మాటల్లో ఉన్నాడు, చూసుకోలేదు. కాస్త ముందుకెళ్ళాక రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి ఆగి ఉంది. తొందరేం లేకుండా బ్రేకు మీద కాలేశాడు. పెడల్ సగంలోనే ఆగిపోయింది. ఇంకా గట్టిగా తొక్కాడు. కింద ఏదో రాయిలా అడ్డం ఉంది. ఏంటా అని ఒక్క క్షణం తల వంచి చూశాడు. కారు ఎడమ పక్కంతా లారీ కిందికి దూరిపోయింది.

గణేష్‌బాబుకి చెయ్యి విరిగింది. దుర్గాశ్రీకి నుదుటి మీద దెబ్బ. భాను అక్కడే పోయాడు.

పిఠాపురం నుంచి వచ్చిన అత్తగారు మాణిక్యాంబ కొడుకు పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాక అల్లుడి వైపు తిరిగింది. ఆవిడ ఏమంటుందోనని అతను బిగుసుకుపోయాడు.

"మీ తప్పేం లేదు అల్లుడుగారూ. స్వామి ప్రసాదమే అడ్డం పడిందంటే, ఇంక మనిషి చేతుల్లో ఏముంది? ఆయనే తీసుకుపోయాడు మా వాణ్ణి" అంది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ అదే మాట అన్నారు. మొగుడూ పెళ్ళాం కూడా ఆ మాట పట్టుకునే రోజులు నెట్టారు. ఒకరినొకరు ఓదార్చుకోవాలన్నా వాళ్ళకి వేరే మాట లేదు.

కారు బాగుచేయించారు గాని, గణేష్‌బాబు నడపలేకపోయాడు. సీట్లో కూర్చుంటే కాలు దానంతటదే కింద వెతుకులాడేది. కళ్ళు రోడ్డు మీద నిలిచేవి కావు. నలుగురిలో పరువు పోతుందని మొదట్లో ఏదో సాకు చెప్పేవాడు. తర్వాత సాకులు కూడా మానేశాడు. కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. కొట్లో కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు. పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరికీ రేడియో చప్పుడే దిక్కు.

కాకినాడలో ఒక డాక్టరుకి చూపించారు. ఆయన నిద్రకి మాత్రలు రాసి, "భయం పోవాలంటే ఎప్పటికైనా మళ్ళీ నడపాలండీ. ఎవరూ అడ్డం రాని చోట మొదలుపెట్టండి" అన్నాడు.

ఎవరూ అడ్డం రాని చోటు అనగానే అతనికి ట్రాక్ గుర్తొచ్చింది. దుర్గాశ్రీకి చెప్పడానికి కొన్నాళ్ళు జంకాడు. చెప్పాక ఆమె చేస్తున్న పని ఆపి అతని మొహంలోకి చూసింది.

"వెళ్ళండి. వాడు వెళ్ళాలనుకున్న చోటే కదా. మీరు మళ్ళీ మనిషి అయితే అంతే చాలండి నాకు."

మద్రాసుకి ఎస్టీడీ చేశాడు. ఫోనెత్తినాయన ఏం తెచ్చుకోవాలో ఓపిగ్గా చెప్పాడు. మొహమంతా కప్పే హెల్మెట్ ఉండాలి. చొక్కా, ప్యాంటూ అచ్చమైన నూలువే కావాలి, చేతులు మణికట్టు దాకా ఉండాలి. పాలిస్టర్ వద్దే వద్దు, మంట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. బూట్లకి అడుగు పల్చగా ఉండాలి, పెడల్ కాలికి తెలియాలి. చెప్పులతో వస్తే లోపలికి రానివ్వరు. కారుని లాగడానికి తాడు, తాగడానికి బోలెడు నీళ్ళు, నీడకి గొడుగు తెచ్చుకోవాలి. మిగతాది వచ్చాక చెబుతామన్నాడు.

కొట్టు నిండా బట్టలున్నా గణేష్‌బాబుకి అచ్చమైన నూలు ప్యాంటు ఒక్కటి లేదు. దుర్గాశ్రీ తానుల్లో వెతికి, దారం లాగి వెలిగించి చూసి, బూడిదైపోయిందాన్నే ఎంచి టైలర్‌కిచ్చింది. కుట్టుకొచ్చిన చొక్కా చేతులు తనే మణికట్టు దాకా లాగి చూసింది. ఉప్పూ పంచదారా కలిపి పొట్లం కట్టింది. పులిహోర ఎండకి పాడవుతుందేమోనని దిబ్బరొట్టె కాల్చింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో మళ్ళీ మాటలు వినపడ్డాయి.

కారు మద్రాసు దాకా నడపడానికి బుల్లబ్బాయి ఒప్పుకున్నాడు. సొంత టాక్సీ ఉన్నవాడు, ఆ ఇంటికి పాతకాపు.

"ఆయ్, నేను ట్రాక్ దాకానేనండి. అక్కడి నుంచి మీదే బాబుగారూ" అన్నాడు, ధైర్యం చెప్పడానికి.

ట్రాక్ చేరేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చుట్టూ పొదలు, మధ్యలో నల్లటి రోడ్డు మెలికలు తిరిగి పోతోంది. పది పన్నెండు కార్లు వచ్చాయి. అంతా కుర్రాళ్ళు, నవ్వుకుంటున్నారు. అక్కడ నడపడం నేర్పే కోచ్‌ల్లో ఒకాయన నెల్లూరు మనిషి. గణేష్‌బాబు బూట్లు చూశాడు, హెల్మెట్ పట్టీ లాగి చూశాడు, చొక్కా గుడ్డ వేళ్ళతో నలిపి బాగుందన్నాడు. గణేష్‌బాబుకి ఎన్నాళ్ళ తర్వాతో చిన్నగా నవ్వొచ్చింది.

"ఇప్పుడు కారు ఖాళీ చెయ్యండి సార్" అన్నాడు కోచ్.

"ఏం తియ్యాలండి?"

"కదిలేదేదీ ఉండకూడదు. మ్యాట్లు, స్టెప్నీ, జాకీ, నీళ్ళ సీసాలు, సీటు కింద ఉన్నవి, డాష్‌బోర్డు మీదున్నవి, అన్నీ. ఏదన్నా దొర్లి బ్రేకు కిందకి పోయిందంటే కారు ఆగదు. ముందు అది చూసుకున్నాకే మిగతావి."

బుల్లబ్బాయి సామాన్లు దించడం మొదలుపెట్టాడు. గణేష్‌బాబు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇది అందరికీ తెలుసాండి?" అని అడిగాడు.

"ఏది సార్?"

"కిందకి పోతుందనీ... ముందే తీసెయ్యాలనీ."

"మొదటిరోజు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదే. ఇందులో పెద్ద విద్యేముంది?" అంటూ కోచ్ పక్క కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పరీక్షలయ్యాక అని ఆగకుండా అప్పుడే వచ్చి ఉంటే, ఈ మాట భాను కూడా ఇక్కడే నిలబడి వినేవాడు. ఆ తర్వాత ఏ రోడ్డు మీదైనా వాడు డాష్‌బోర్డు మీద అగ్గిపెట్టె కూడా ఉండనిచ్చేవాడు కాదు. మూడేళ్ళుగా దేవుడి మీద పెట్టి బతికిన సంగతి, చూసి తీసేస్తే పోయే పని.

బుల్లబ్బాయి భుజం తట్టి హెల్మెట్ అందించాడు. గణేష్‌బాబు పెట్టుకుని, కూర్చుని, బెల్టు బిగించుకున్నాడు. మొదటి చుట్టు దారి చూపించడానికి కోచ్ కూడా హెల్మెట్ పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చున్నాడు.

కారు కదిలింది. రెండు మలుపులు నెమ్మదిగా దాటింది. తిన్నని రోడ్డు రాగానే "పర్లేదు, పోనివ్వండి" అన్నాడు కోచ్. అతను పోనిచ్చాడు. చివర మలుపు కనిపించగానే బ్రేకు తొక్కడానికి కాలెత్తాడు. ఎత్తిన కాలు కిందకి దిగలేదు. తల వంచి కింద చూశాడు. అక్కడేమీ లేదు. పక్కకి తిరిగాడు. ఎడమ సీట్లో హెల్మెట్, లోపల మొహం కనపడటం లేదు.

కోచ్ అరిచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, స్టీరింగు తిప్పాడు. కారు రోడ్డు దిగి, గడ్డిలో జారి, దుమ్ము లేపుకుంటూ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"మీరు దిగిపోండి బాబూ. దండం పెడతాను. ఆ సీట్లో కూర్చోకండి" అన్నాడు గణేష్‌బాబు.

కోచ్ హెల్మెట్ తీసి అతని మొహం చూశాడు. కోప్పడలేదు. ట్రాక్ పక్కన జెండాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు వచ్చి కారుకి తాడు కట్టి లాక్కెళ్ళారు. అది అతను ఇంటి నుంచి తెచ్చుకున్న తాడే. ఆ సాయంత్రం దాకా కుర్రాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. అతను గొడుగు కింద కూర్చుని చూశాడు. దిబ్బరొట్టె పొట్లం విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి చేరారు. దుర్గాశ్రీ గుమ్మంలోకి వచ్చి, మొహం చూసి, స్నానానికి నీళ్ళు తోడటానికి వెళ్ళింది. స్నానం చేసి వచ్చాక మంచం మీద అతని చొక్కా మడత పెడుతూ అడిగింది.

"నడిపారా?"

"లేదు."

"పోనీలెండి."

అతను ఆపుకోలేకపోయాడు. దారి పొడుగునా గొంతులో ఉన్నదంతా బయటికొచ్చేసింది. "అది దేవుడు చేసింది కాదు దుర్గా. కారులో కదిలేదేదీ ఉంచకూడదంట. బ్రేకు కిందకి పోతుందంట. అక్కడ అందరికీ ముందు చెప్పేదే అది. ఆ కొబ్బరి చెక్కలు అక్కడ లేకపోతే భాను ఉండేవాడు."

దుర్గాశ్రీ చేతులు ఆగిపోయాయి.

"అవి అక్కడ పెట్టింది నేనండి" అంది.

అతను తలెత్తాడు.

"వాడు కిందే పెట్టుకున్నాడు, వాడి కాళ్ళ దగ్గర. ప్రసాదం కాళ్ళ దగ్గరేంట్రా అని తిట్టి, వెనక నుంచి వంగి నేనే తీసి పైన పెట్టాను. మీరప్పుడింకా కారెక్కలేదు."

ఏదో ఒకటి అనాలి. అతనికి తెలిసిన ఓదార్పు మాట ఒక్కటే. దాన్ని ఇప్పుడే తన నోటితోనే కొట్టేశాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే, మెల్లగా విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఏడుపు వినపడుతుందేమోనని విన్నాడు. వినపడలేదు.

తర్వాత ఒకసారి మాణిక్యాంబ వచ్చి, అలవాటుగా "ఆయనే తీసుకుపోయాడమ్మా" అంది. "ఆ మాట ఇంకెప్పుడూ అనకమ్మా" అంది దుర్గాశ్రీ. ఎందుకో తల్లికి చెప్పలేదు. గణేష్‌బాబు కూడా చెప్పలేదు. ఆవిడకైనా ఆ మాట మిగలనిద్దామనుకున్నారేమో. భార్య దేవుడి గది తలుపు దగ్గరగా వేసి ఉంచడం అతను గమనించాడు. తియ్యమని అడగలేదు.

కారు జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఆయిల్‌పామ్ రైతొకాయన కొనుక్కున్నాడు. నడిపి చూద్దాం రమ్మంటే, మీరే చూసుకోండి అని గణేష్‌బాబు అరుగు మీదే కూర్చున్నాడు.

కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. పెళ్ళికో, చావుకో పిఠాపురం వెళ్ళాలంటే మొగుడూ పెళ్ళాం బస్సులోనే వెళ్తారు. జంట సీటు ఖాళీగా ఉన్నా దుర్గాశ్రీ ముందు ఆడవాళ్ళ సీట్లలోకి పోతుంది. అతను చివర కూర్చుంటాడు. దిగాల్సిన చోట ఇద్దరూ చెరో తలుపు నుంచీ దిగి, ఒకరి వెనక ఒకరు నడుస్తారు.